రెండో భాగం

మొదటి భాగానికి లంకల్లోంచి పంట్లెక్కి వచ్చారు జనం.
నేల టిక్కెట్లు చింపి చింపి నా బొటనవేలు వాచింది.
రెండోదానికి రోజుకి పదకొండుమంది,
అందులో ఇద్దరు వానకి లోపలికొచ్చినవాళ్లు.

పోలయ్య అదే పోలయ్య. పడవ లేదు.
లాకుల మీద పాట పాడిన బంగారి
ఎనభై ఆరు వరదలో అటకెక్కి కూర్చుని
తడవని అగ్గిపెట్టె కోసం వెతుకుతూనే ఉంటుంది.
"కత్తిరించడం మర్చిపోయినట్టున్నారు"
అన్నాడు ఆపరేటరు గవర్రాజు.

తర్వాత సారా కుండలు పగిలాయి.
వరిచేలోకి ఉప్పునీళ్లు పెట్టి రొయ్యలన్నారు.
గ్యాసుబావి అంటుకుని
ఊళ్లో రెండు నెలలు రాత్రే లేదు.
పోలయ్య జుట్టుకి పూసిన తెల్లరంగు
ఆఖరి రీలుకి నిజమైపోయింది.

'శుభం' పడలేదు.
బంగారి చెరువుగట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని
ఎటో చూస్తుంది, తెర తెల్లబడుతుంది.
కుర్రాళ్లు డబ్బులు వెనక్కిమ్మన్నారు. ఇచ్చేశాను.

అయిదోరోజు పెట్టె రాజమండ్రి బస్సెక్కింది.
ఆ దీపావళికి ముందే, తుఫాను
అంబాజీపేట కొబ్బరితోటల్లోకి విసిరేసింది
మా హాలు రేకుల్ని.

చీకట్లో అటక మీద తడుముకుంటూ
ఒక్కసారి ఆగిపోయాను.
ఆవిడకి దొరికిందా అగ్గిపెట్టె?
నాలుగు రోజులూ సరిగ్గా ఆ సీనుకే
కలెక్షను లెక్కకి లేచి వెళ్లాను నేను.