కూత

కుర్చీలు వేసేది నేనే.
నెలలో రెండో గురువారం, సాయంత్రం ఆరింటికి.
నలభై వేస్తాను. పదకొండు నిండుతాయి.
మిగతావి దేనికని డైరెక్టరమ్మ అడుగుతుంది.
ఖాళీ కుర్చీ కనబడకపోతే
ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి పోతారు,
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను.

మ్యూజియం కాకముందు ఇది సార్డీన్ల ఫ్యాక్టరీ.
ముసురు పట్టిందంటే గోడలు ఇప్పటికీ నూనె వాసన కక్కుతాయి.
బడిపిల్లలు ముక్కులు మూసుకుంటారు.
ముసలివాళ్ళు మూసుకోరు.

ఆవేళ లిస్బన్ నుంచి డాక్టర్ తెలిష్ వచ్చాడు.
విషయం: తీరప్రాంత డబ్బా పరిశ్రమలో స్త్రీల శ్రమ.
మంచివాడే, మంచినీళ్ళు తనే ఒంపుకున్నాడు.
తెరమీద గీతలు ఎక్కాయి, దిగాయి.
టన్నులు, ఎస్కూడోలు, గంటకి ఇన్ని తలలు.
తలలంటే చేపలవి లెండి, అని నవ్వాడు.
ముందు వరసలో ఎవరూ నవ్వలేదు.
బిస్కట్ల కోసం వచ్చే సెన్యోర్ అబీలియు
అప్పటికే కునికిపాట్లు పడుతున్నాడు.

"పడవ ఏ జామున ఒడ్డుకొస్తే ఆ జామున
ఫ్యాక్టరీ కూత వేసేది.
ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో కూత.
ఇక్కడివి ఏ ఒక్కటీ రికార్డు కాలేదు.
ఆ శబ్దం చరిత్రకి దక్కలేదు" అన్నాడు.

నాలుగో వరసలో చెయ్యి లేచింది.
కసిల్దా. తొంభైకి రెండు తక్కువ.
చూపుడువేలు సగమే ఉంటుంది, మిగతా సగం కత్తెరకిచ్చింది.
"ప్రశ్నలు చివర్లో," అన్నాడాయన మర్యాదగా.
ఆమె ఎత్తింది ప్రశ్న కోసం కాదు.

పెదాలు సున్నా చుట్టి
పొట్టలోంచి లాగింది.
పొడుగ్గా ఒకటి, తెగి,
మళ్ళీ పొడుగ్గా ఒకటి,
చివర్న పిల్లి తోక తొక్కినట్టు చిన్న కీచు.

తర్వాతది జాగ్రత్తగా చెప్పాలి,
నా హాజరు పుస్తకంలో దానికి గడి లేదు.
కిటికీ పక్కన ఎర్మెలిందా లేచి నిలబడింది.
నిలబడ్డాక గాని తనకే తెలియలేదు.
చేతులు రెండూ వెనక్కి పోయి
లేని ఏప్రన్‌కి ముడి వేశాయి.
ఓతీలియా కాళ్ళు కుర్చీ కింద
చెక్కచెప్పుల కోసం తడుముకున్నాయి.
అబీలియు కళ్ళు తెరిచి "ఎన్ని బుట్టలు?" అన్నాడు.

డాక్టరు గబగబా ఫోను తీసి
"అమ్మా, ఇంకొక్కసారి" అన్నాడు.
"రెండుసార్లు కూసేది చేప బాగా పడిన రోజున," అందామె.
"ఇవాళ అంత లేదు."

అందరూ వెళ్ళాక, కోటు తొడిగించే నెపంతో
ఆమెని ఆపాను.
మా అమ్మ పనిచేసింది ఇక్కడ కాదు, ఏటి అవతలి దాంట్లో.
దాని కూత నేనెప్పుడూ వినలేదు.
చిన్నవాణ్ణి, మొద్దు నిద్ర.
పక్కన పరుపు చల్లబడితే
అమ్మ వెళ్ళిందని తెలిసేది, అంతే.
"అవతలిది ఎలా కూసేది, కసిల్దా?"

చాలాసేపు ఆలోచించింది.
పెదాలు ఒకసారి సున్నా చుట్టబోయి మానుకున్నాయి.
"అది మమ్మల్ని పిలిచేది కాదుగా, నాయనా.
అది కూస్తుంటే మేం నిద్రపోయేవాళ్ళం."

కుర్చీలు మడిచి గోడకి చేరవేశాను.
వచ్చే నెల పాత నాణేల మీద ఉపన్యాసం,
ఆరుగురొస్తే గొప్ప.
నలభై వేస్తాను.