ఒకటిన్నర వోల్టు

ఎర్ర దీపం ఆరడంల్యేదని
విరూపాక్షప్ప సారు, రిటైరైన డ్రాయింగు మాస్టరు,
జిన్నింగు మిల్లు వేలంలో పాడుకున్న ల్యాండ్‌మాస్టరును
ఎమ్మిగనూరు రోడ్డు పొడుగునా
ముగ్గురు హమాలీలతో తోయించుకుంటా వచ్చినాడు.
కొత్త బ్యాటరీ కూడా రెండు రోజులకే పండుకుంటా ఉందంట.

"డైనమో పీకి పడేసి మారుతీది బిగిస్తే పీడ పోతాది గదా సార్"
పక్క షెడ్డు నుంచి పంచర్ల ఈరన్న.
సారు గొడుగు మూసినాడు, తెరిచినాడు, మళ్లీ మూసినాడు.
నేను బానెట్టు లేపినాను.

ముందు బెల్టు.
బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగల్ల.
దిగింది. నేరం దానిది కాదు.

డైనమో వెనక తీగలు రెండూ ఊడబీకి
పెద్ద బోల్టును, చిన్న బోల్టును రాగితీగతో ఒకటి చేసి
మీటరు పెట్టినాను:
ఎర్రది బాడీకి, నల్లది డైనమోకి.
ఈ కాలపు బండి కాదిది, దీనికి ప్లస్సే నేల.
ఇంజను తిరిగింది.
ముల్లు సున్నాకు ఇవతల పడి వణికింది.
తీగలు అటుదిటు మార్చి చూస్తే
ఒకటిన్నర వోల్టు. అంతే. పైకి రానంటాది.

"పాయనా?" అన్నాడు సారు.
పోలేదు సార్.
ఇనుములో కాస్త జ్ఞాపకం మిగిలుండాది.
ఎవరో బ్యాటరీని తిరగేసి కట్టినట్టుండారు,
అది కూడా తిరగబడి ఉండాది.
సున్నా వచ్చుంటే ఈరన్న మాటే వినుందుము.

పొడుగు బోల్టులు విప్పి మూత లాగితే
పత్తి!
ముప్ఫై ఏండ్లు మిల్లు గాలి పీల్చి
నూనె తాగి, కార్బను పొడి తాగి
బ్రష్షుల గూట్లో ఉండగట్టిన పత్తి.
బ్రష్షు కిందికి దిగే దావే ల్యేదు.

నాకు నవ్వొచ్చింది.
మా తాత దూదేకుల పీరయ్య
ఇదే ఆదోనిలో విల్లు భుజాన వేసుకొని
గడప గడపకూ పోయి నారి మీటినోడు.
ఆ విద్య మీ నాయనతోనే ఆగిపోయింది రా అని
అమ్మ దెప్పుతా ఉంటాది.
దబ్బనం తెచ్చుకొని కూచున్నాను,
డైనమో కడుపులోంచి పత్తి తీయడానికి.

పెట్రోలు గుడ్డతో రుద్దితే
రాగి చెక్కలు ఒక్కొక్కటే ఎరుపెక్కినాయి.
వాటి సందుల్లో అబ్రకాన్ని
విరిగిన హాక్సా బ్లేడుతో గీరినాను,
గోటికి తగిలేంత, అంతకంటే వద్దు.
దీని బ్రష్షులు ఏ అంగట్లోనూ దొరకవు.
పంపుసెట్టు మోటారు కార్బన్లే
కడప బండ మీద అరగదీసి సరిపెట్టినాను.
వెనక బుష్షుకు మూడు చుక్కల నూనె.
నాలుగోది వేస్తే రాగి మీదికి పోతాది.

అన్నీ బిగించినాక
బ్యాటరీ నుంచి ఒక తీగ లాగి
చిన్న బోల్టుకు అట్ల తాటించి తీసినాను.
చిటుక్!
నీలి నిప్పు, రెప్పపాటు.
నీ దిక్కు ఇటు అని చెప్పడానికి అంత చాలు.

సారును యాక్సిలేటరు మీద కూచోబెట్టినాను.
ఆరు... పదకొండు... పదహారు...
"ఇరవై దాటనియ్యొద్దు సార్, కాలు తీయండి!"
సారు కాలు తీసేది మర్చిపోయి నవ్వుతా ఉన్నాడు.

కట్టవుటు పెట్టె మూత తీసి
పాయింట్ల మసి సన్న కాగితంతో తుడిచి
తీగలు వాటి తావుల్లో అవి బిగిస్తే
లోపల టిక్కుమనింది.
ఎర్ర దీపం నిదానంగా మసకబారి ఆరిపోయింది.

"ఎట్ల ఆరింది?"
అది రెండింటి నడుమ ఉంటాది సార్,
బ్యాటరీకి, డైనమోకి.
ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువైనన్ని దినాలూ వెలుగుతాది.
సరిసమానమైతే దానికి ఏం పని?

సారు హెడ్‌లైట్లు వేసుకొని,
ఇంకా పొద్దుండంగానే,
ఆలూరు రోడ్డు పట్టినాడు. గొడుగు నా షెడ్డులోనే మర్చిపోయినాడు.

నల్ల పత్తి ఉండ ఇంటికి తీసకపోయినాను.
అమ్మ సీకాయ నీళ్లలో దాన్ని పిసికి పిసికి
దీపం కింద ఒక పోగు లాగి చూసింది.
"ఇప్పటి పత్తి కాదురా ఇది" అనింది.
ఇంకొంచెం లాగింది.
"సూడు, ఇంకా సాగుతాది."