దొంగలెక్క

సిరోంచ ఆస్పత్రిలో నా మొదటి రాత్రి డ్యూటీ.
ఆకుల వాళ్లింట పుట్టి
మరాఠీ కాగితాల్లో ఆకులవార్ అయిన సిస్టర్
జూరు మణికట్టు మీంచి
నా బొటనవేలిని లేపి పక్కన పెట్టింది.
"దీనికీ ఓ నాడి ఉంటది బిడ్డా.
నీ గుండెను నువ్వే లెక్కవెట్టుకొని
ఆయన పేరు మీద రాస్తవ్."

అప్పటిదాకా, ట్రైనింగులో,
ఎంతమంది పేర్ల మీద నన్ను రాశానో.

జూరు తునికాకు కల్లం నుంచి వచ్చాడు.
వేళ్ల సందుల్లో ఆకుపసరు,
కట్టలు కట్టిన నార కోసిన గీతలు.
వేలిముద్రకు ఇచ్చినట్టే ఇచ్చాడు చేయి:
ముందు బిగించి, తర్వాత పూర్తిగా వదిలేసి.
ఎముక అంచున చిన్న పల్లంలో
దొరికింది,
సన్నగా, వేగంగా,
గూడెం నుంచి ఎవరో కబురు మోసుకుని
పరుగున వస్తున్నట్టు.
నూట పద్దెనిమిది.

కేస్ పేపరులో గడులు మరాఠీవి.
నేను లెక్కపెట్టింది తెలుగులో.
అతను మూలిగింది మాడియాలో.

గోడ మీద వేడి నలభై ఆరు, అతని చంకలో నూట మూడు.
డిగ్రీలు వేరట.
రెండింటికీ తడిబట్టే.

నాడి అయిపోయిందని చేయి వదలబోతే
సిస్టర్ కళ్లతోనే వద్దంది.
తర్వాత మందుల గదిలో చెప్పింది:
"ఊపిరి లెక్కవెడుతున్నవని తెలిస్తే
ఎవరి ఊపిరీ వాళ్లది కాదు.
సర్దుకుంటరు, ఫోటోకు నిలవడ్డట్టు.
అందుకే చేయి పట్టుకొనే ఉండు.
ఇంకా నాడే చూస్తున్నవనుకోనీ.
కండ్లు మాత్రం పక్కటెముకల మీద.
నిమిషమంటే నిమిషమే.
సగం చూసి రెట్టింపు చేస్తే
ఆ రెండో సగం నువ్వు పుట్టించినట్టు."

"దొంగలెక్క గదా సిస్టర్!"
"అవ్," అంది సూది పారేస్తూ,
"అన్నిట్ల నిజమైన లెక్క గదొక్కటే."

బీపీ పట్టుబడటానికి నాకు నెలలు పట్టింది.
చప్పుడు మొదలైన చోటు పై అంకె.
చప్పుడు మాయమైన చోటు కింది అంకె.
మొదటిది ఎవరికైనా వినిపిస్తుంది.
రెండోది వినాలంటే
రోడ్డు మీద ఇసుక లారీలు ఆగాలి,
వార్డులో పసివాడు ఊరుకోవాలి,
ఆగింది రక్తపు చప్పుడా, నా చెవా,
నేనే తేల్చుకోవాలి.
సిస్టర్ కళ్లు మూసుకుని వినేది,
ప్రాణహిత ఒడ్డున నిలబడి
అవతలి పడవవాణ్ణి కేకేసి
జవాబు కోసం ఆగినట్టు.

ఐదో రోజు జూరు లేచాడు,
కల్లం డబ్బులు అడగాలని.
నాడి డెబ్బై ఆరు.
ఊపిరి చూడ్డం మరిచాను.
అతను గేటు దాటాక గడిలో పద్దెనిమిది అని రాశాను.
ఆ పద్దెనిమిది నేను పుట్టించిందే.
ఇన్నేళ్ల రిజిస్టర్లలో
అలాంటివి ఇంకా ఉన్నాయి.

పోయిన వానాకాలం
మూడో నంబరు మంచం మీద ఆకులవార్ సిస్టర్.
వంతెన మీదికి నీళ్లొచ్చి అంబులెన్సు ఆగింది.
బ్యాటరీ మిషను తేమకు అలిగి
ఒక్కో చేతికి ఒక్కో అబద్ధం చెబుతోంది.
వేళ్లు పెట్టాను, మూడూ,
బొటనవేలు దూరంగా.
నిమిషం అయింది.
వదల్లేదు.

ఆమెకు తెలుసు.
ఒక్కసారి నా కళ్లలోకి చూసి
మొహం కిటికీ వైపు తిప్పుకుంది.
బయట చీకటి. కనిపించేదేమీ లేదు.
అయినా వరదలో ఏదో కొట్టుకుపోతుంటే
దాన్నే చూస్తున్నదానిలా,
నన్ను దొంగతనం చేసుకోనిస్తూ.

ముప్పై నాలుగు.

"ఎంతుంది నాడి?" అంది, కిటికీతోనే.
నాడి ఎంతో చెప్పాను.
రెండోది అడగలేదు.
చేయి కూడా
వెనక్కి తీసుకోలేదు.