పిల్లలకోడిలో ఎర్ర గీత

సిరొంచలో రాత్రి పదిన్నరకి కరెంటు పోతే
ఊరు తిట్టుకుంటుంది, నేను బడి డాబా ఎక్కుతాను.
ఏటి అవతల తెలంగాణ దీపాలు.
కెమెరా ముందు సన్నగీతల గాజుపలక,
దాని ముందు పిల్లలకోడి.
(పంచాంగానికి కృత్తికలు. మా మరాఠీ పాఠానికీ అంతే.)

ఒక్కో చుక్క ఒక్కో రంగుల పట్టీగా సాగింది.
హైడ్రోజన్ ఉన్నచోట పట్టీలో నల్లటి కోత పడాలి.
అన్నిటికీ పడింది.
ఒక్కదానికి మాత్రం, ఎరుపు చివర,
కోత ఉండాల్సిన చోటే నిప్పుకణిక.

లెన్సు తుడిచాను. మళ్లీ తీశాను.
కార్తీకం నుంచి మాఘం దాకా పదిహేడు రాత్రులు.
రిజిస్టర్లో తేదీలు మరాఠీలో,
అనుమానాలు తెలుగులో.

పుస్తకం చెప్పింది: అది మితిమీరి తిరిగే చుక్క,
నడుం దగ్గర తనను తాను పట్టుకోలేక
ఒంటిని వలయంగా విసిరేస్తుంది, ఎరుపు ఆ వలయానిది.
అంత వేగం ఎక్కడిది?
అక్కడ పుస్తకం "బహుశా" అంది.

ఆ బహుశా నాకు కుమ్మరి లింగమల్లు వాకిట్లో దొరికింది.
అతను మట్టి ముందు కూచుంటాడు.
వెంకుబాయి కర్ర పెట్టి సారె తిప్పుతుంది,
ఇరవై ఏడేళ్లుగా.
కర్ర తీశాక కూడా సారె తిరుగుతూనే ఉంది,
అంచునుంచి బురదనీళ్లు గుండ్రంగా ఎగిరి
నా కుచ్చిళ్ల మీద పడ్డాయి.
సంతలో అది లింగమల్లు కుండ.

జంటలో పెద్ద చుక్క ముందుగా ముసలిదై ఉబ్బుతుంది,
పట్టనంత ఒంటిని పక్కదాని మీదికి ఒంపుతుంది.
పడే ధార ఊరికే పడదు, తోస్తుంది, తిప్పుతుంది.
ఇచ్చింది ఒలిచిన గింజంత మిగులుతుంది
మహా వేడిగా,
పక్కదాని వెలుగులో ఆనవాలు లేకుండా.

ఒంటరి చుక్కని వయసు అడిగితే బొంకగలదు.
గుంపులో కుదరదు. అందరిదీ ఒకే కాన్పు,
ఎవరు ఎరువు తెచ్చుకున్న పరుగులో ఉన్నారో
పక్కవాళ్లని చూస్తే తెలిసిపోతుంది.

ఫోటో చూపించాను.
వెంకుబాయి బొటనవేలు ఎర్ర గీత మీద ఆగలేదు,
దాని పక్కన చీకట్లోకి జరిగింది.
"గీడ ఇంకోతి ఉన్నదా టీచరమ్మా?"
ఉండొచ్చు, అన్నాను. కనబడదు.
"కనబడది గని, కాలుతది గద."

ఫోటో మీద మట్టి వేలిముద్ర.
తుడవబోయి ఆగాను.
అప్పటికే ఆమె లేచింది,
సారె నెమ్మదిస్తోందని.