జిమ్ హాల్లో రెండొందల పన్నెండు మంది

మా ఊరి పేరు పలకడానికే వాళ్లకి
మధ్యాహ్నం దాకా పట్టింది.
హోద్‌మెజోవాషార్‌హేయ్.
సగం దాకా రావడం, నవ్వు ఆపుకోలేకపోవడం,
మళ్లీ మొదటికి.
బస్సులు ఆరు. లెక్కపెట్టాను.
లెక్కపెట్టడం నా ఉద్యోగం కాదు గానీ
ఈ బడి తాళంచెవులు నా నడుముకే వేలాడతాయి,
లోపలికి ఎవరొచ్చారో నాకు తెలియాలి.

దేశదేశాల నుంచి చదువుకని వచ్చి
మా హంగరీలో ఎవరెవరి ఇళ్లలోనో
ఒక ఏడాది ఉండిపోయే పిల్లలు.
చలికాలంలో ఒకసారి అందరూ ఒకచోట చేరతారట.
ఈసారి మా వంతు.
బాస్కెట్‌బాల్ కోర్టులో ఇసుక వేస్తే రాలదు.
కోట్ల నిండా బిళ్లలు గుచ్చుకున్నారు,
నడుస్తుంటే గలగల,
మెడగంటలు కట్టిన మంద ఇంటికొస్తున్నట్టు.
నా నీలం చొక్కాకీ ఒకటి గుచ్చాడొకడు,
దాని మీద కోడిలాంటిదేదో ఉంది.
కాల్మాన్ బాచి, కాల్మాన్ బాచి అని పిలుస్తారు.
పెద్దవాళ్లని ఇక్కడ అలాగే పిలుస్తాం,
అది మాత్రం ఎవరు నేర్పారో బాగా నేర్చుకున్నారు.

జెండాలు నేనే కట్టాను నిచ్చెనెక్కి.
జ్బిషెక్ అనే పోలండ్ కుర్రాడు కింద నిలబడి
మెడ ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు,
రత్రి అనే పిల్లని పిలిచి చూపించాడు.
తలకిందులుగా కట్టానట,
పోలండ్ కాస్తా ఇండోనేషియా అయి కూర్చుంది.
ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.
ఆ పిల్ల జెండా పెట్టె అడుగున
మడత విప్పకుండా ఉండిపోయింది.
తీయబోతే వద్దంది, చేతులతో చెప్పింది:
ఇదే ఉండనీ, ఈ పూట నాది, వచ్చే పూట వాడిది.
భోజనాలయ్యాక మళ్లీ నిచ్చెనెక్కాను
అరవై మూడేళ్ల మోకాళ్లతో.

సాయంత్రం ఉపన్యాసాలు.
ప్రపంచమంతా ఒకే కుటుంబం అన్నాడు మేయరు.
కుటుంబం సంగతి నాకు తెలుసు.
మా అన్నతో మాట్లాడి పదకొండేళ్లు,
వాడుండేది నాలుగు వీధులవతల.
నేను గులాష్ గిన్నె దగ్గరే నిలబడ్డాను.
మూడుసార్లు నింపారు, మూడుసార్లు అడుగంటింది.

పదింటికల్లా బాయిలర్ ఆపమంది హెడ్‌మిస్ట్రెస్ ఇల్దికో.
గ్యాస్ బిల్లు చూపించి మరీ చెప్పింది.
పదకొండున్నరకి ఆపాను.
ఎవరితో అనకండి.

కోర్టు గీతల మీదే పడుకున్నారు,
తల ఈ జట్టు వైపు, కాళ్లు ఆ జట్టు వైపు.
రేడియేటర్ల మీద తడి మేజోళ్లు.
గుసగుసలు ఒక్కో భాషా సద్దుమణుగుతూ వచ్చాయి,
స్పానిష్ అన్నిటికన్నా ఆఖరున.

గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాను.
రెండు దాటింది.
నిద్రలో ఎవరో ఏదో అన్నారు.
పొద్దుట్నుంచీ అర్థం కాని మాటలతో
మొద్దుబారిన చెవులు
కాస్త ఆలస్యంగా అందుకున్నాయి.
అది మా భాష.
"తలుపు వేయండి, చలిగా ఉంది."

అరసెలి, పరాగ్వే పిల్ల.
పగలు నాతో ఒకే ఒక్క మాట,
ధన్యవాదం, అదీ అక్షరాలు తడబడి.
ఆరు నెలలుగా మకోలో
ఉల్లిపాయలు పండించే వాళ్లింట్లో ఉంటోందట.
ఇప్పుడు మాత్రం ఒక్క పొల్లు పోలేదు.
ఆ యాస కూడా ఆ పొలాలదే,
చివర్న కొద్దిగా విసుగు,
సొంత మనుషుల మీద మాత్రమే పడే విసుగు.

పొద్దున అడిగితే తనకే తెలియదు
ఏ ఇంట్లోంచి అడిగిందో,
ఎవర్ని అడిగిందో.

తలుపు వేసే ఉంది.
పదింటికే తాళం తిప్పాను.

అయినా లేచాను.
తాళం తీసి, జానెడు తెరిచాను,
బయట ఫిబ్రవరి, బస్సుల అద్దాల మీద మంచు.
మెల్లగా మళ్లీ మూశాను,
గడియ పడిన చప్పుడు
ఆ పిల్లకి వినపడేటట్టు.