తడి తాగే పెట్టె

ముసురు పట్టి తొమ్మిదో రోజు.
రాజోలులో, నా గదిలో,
డబ్బాలో ఉప్పు నీళ్ళయింది.
అగ్గిపుల్ల గీస్తే తల ఊడొస్తోంది.
తలుపు ఉబ్బి గడియ పడనంటోంది.
చెప్పుల మీద బూజు, తెల్లగా,
ఎవరో ముగ్గు చల్లినట్టు.

నాకున్నవి రెండే తెల్లకోట్లు.
ఒకటి ఒంటి మీద తడిగా,
ఒకటి కుర్చీ మీద తడిగా.
వార్డులో బాలింతలు ముక్కు చిట్లించేవారు.
సిస్టరుగారు దగ్గరికొస్తే
నానిన గోనెసంచి వాసనండీ అని
ఒకావిడ అనేసింది కూడా.

అందుకని కొన్నాను దాన్ని,
మూసేసిన ఫోటో స్టూడియోలో,
పద్దెనిమిది వందలకి.
లెన్సులకి బూజు పట్టకుండా
పదేళ్ళు కాపలా కాసిందట.
శరభయ్యగారు గుడ్డతో తుడిచిస్తూ
"అందరి చేతుల్లోనూ ఫోన్లే కదమ్మా,
ఇక పనేముంది" అన్నారు,
పెట్టె గురించే అన్నట్టు.

దాని పేరు ఇంగ్లీషులో బారెడుంది.
నేను తడి తాగే పెట్టె అంటాను.
కిటికీ సందుల్లో పాత చీర కుక్కి,
గోడకీ గోడకీ తీగ కట్టి,
రెండు కోట్లూ వేలాడేసి మీట నొక్కాను.
గురక మొదలెట్టింది,
పెళ్ళిభోజనం చేసొచ్చిన మావయ్యలా.

రాత్రి రెండింటికి కూత.
ఎర్రదీపం.
డ్యూటీ అలవాటు కొద్దీ
ఏ పసిబిడ్డో అనుకుని లేచాను.
తొట్టి నిండింది. రెండున్నర లీటర్లు.
గదిలో ఉండీ కనబడని నీళ్ళు,
ఇన్నాళ్ళూ నేను పీల్చి వదిలిన నీళ్ళు,
చల్లగా, చేతికి బరువుగా.
కోటు తాకి చూశాను. అప్పడంలా ఉంది.
నవ్వొచ్చింది, ఒక్కదానికీ.

కింద వాటాలో భాస్కరమ్మగారికి
ముందు కరెంటు బిల్లు గుర్తొచ్చింది.
తర్వాత కూతురి పురుడు గుర్తొచ్చింది.
పదకొండు రోజుల మనవడు,
రోజుకి ఇరవై గుడ్డలు, ఒక్కటీ ఆరదు.
ఇస్త్రీపెట్టె పెడితే
పాలకంపు ఉడుకుతోందట.

నేనీ ఇంట్లో దిగిన రోజు
మేడ మీద రెండు తీగలు చూపించారావిడ.
"ఇది మాదమ్మా. అదిగో, ఆ చివర, అది నీది."
గొంతులో కోపం లేదు.
కుళాయి ఎటుందో చెప్పినట్టే చెప్పారు.
మా నాన్న పేరు యేసుపాదమని
అద్దె మాట్లాడేటప్పుడే అడిగి తెలుసుకున్నారు.

ఇప్పుడు నా గుమ్మంలో నిలబడ్డారు,
చేతిలో బకెట్టు, దాని మీద తుండు కప్పి.
"నీ గదిలో... చోటుంటే..."
"ఉన్నది ఒక్కటే తీగండి" అన్నాను.
ఆవిడ తీగ వంక చూశారు.
ఆకాశం వంక చూశారు.
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరికని
కింద టీవీ అరుస్తోంది.
బకెట్టు లోపల పెట్టారు.

ఆ రాత్రి తీగ మీద
పొత్తిగుడ్డలు, లంగాలు,
పసుపు ముంచిన పురిటి చీర,
మధ్యలో ఇరుక్కుని నా కోటు.
తొట్టి రెండుసార్లు నిండింది.
ఏ బట్ట నీళ్ళు ఏవో విడదీయడం
దానికి చేతకాదు.
పొద్దున్నే ఆ నీళ్ళు పట్టుకెళ్ళి
ఇన్వర్టరు బ్యాటరీలో పోయించారు.
"శుద్ధమైన నీళ్ళు కదా" అన్నారు, ఆవిడే.

మూడో రాత్రి హైమవతి వచ్చింది, బిడ్డతో.
సాయంత్రం నుంచీ ఏడుస్తున్నవాడు
పెట్టె గురక వినగానే ఊరుకున్నాడు.
వెచ్చటి గాలి తగిలే చోట
నా చాప మీదే పడుకున్నారిద్దరూ.
కింద నుంచి భాస్కరమ్మగారు పిలుస్తున్నారు,
ఒకసారి, మరోసారి.
నేను పలకలేదు.
హైమవతికి మెలకువగానే ఉంది,
తనూ పలకలేదు.

పదమూడో రోజు ఎండొచ్చింది.
వశిష్ట తగ్గింది, రేవు మెట్ల మీద ఒండ్రు వదిలి.
మేడ మీద వాళ్ళ గుడ్డలు
వాళ్ళ తీగ మీద వరసగా ఎగురుతున్నాయి.
నాది, ఆ చివర, ఖాళీగా.

కోటు ఎడమ భుజం మీద
అరచేతంత పసుపు మరక,
తడి చీర ఆనుకున్న చోట.
ఏంటది సిస్టరుగారూ అని
వార్డులో ఎవరో అడిగారు.
సబ్బుకి లొంగలేదు.
ఎండలో వేస్తే ఒక్క పూటలో పోతుందట పసుపు.

ఇంకా వెయ్యలేదు.