ఇసుకతోట దగ్గర అందింది

పెద్దాసుపత్రిలో చల్లటి గదిలో కూర్చోబెట్టి
డాక్టర్ షమీమ్ గారు నాకు ముఖాలు చూపించారు.
ఎవరివో. మనూరి వాళ్లవి కావు.
సంతోషమైతే పచ్చ బటను నొక్కాలి,
ఏడుపైతే నీలం, కోపమైతే ఎరుపు,
ఏమీ లేకపోతే తెలుపు.

పద్దెనిమిదేళ్లు కండక్టరు పని చేసినదాన్ని.
ఓల్డ్ పోస్టాఫీసు నుంచి హనుమంతవాక దాకా
రాడ్డు పట్టుకుని నిలబడ్డ చోటు నుంచే
ఎవడి పాసు నిన్నటితో అయిపోయిందో,
ఏ పిల్ల పరీక్ష తప్పిందో,
ఏ ముసలాయన స్కానింగు కాగితం
ఇంట్లో చూపించకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడో
చదివేసేదాన్ని.
నాకా ముఖాల పరీక్ష?

తప్పాను.
నవ్వే ముఖాల దగ్గర వేలు కదల్లేదు.
మీసాలాయన ఒకాయన,
ఫొటో కోసం కూర్చున్నాడంతే, ముఖంలో ఏమీ లేదట,
ఎరుపు నొక్కాను.
మళ్లీ చూపించారు. మళ్లీ ఎరుపే.
"ఆయనకి మీ మీద కోపమెందుకమ్మా?"
"ఏమోనండి, చిల్లర ఇవ్వలేదేమో."
డాక్టరు గారు నవ్వారు.
నవ్వారని లెక్కేసుకుని తెలుసుకున్నాను:
పళ్లు కనబడ్డాయి, కళ్ల చివర ముడతలు పడ్డాయి,
కాబట్టి నవ్వే అయ్యుండాలి.

నా లోపలి బండి ఇలా నడుస్తోంది ఇప్పుడు.
సంతోషం స్టాపులో చెయ్యెత్తితే ఆగదు.
ఏడుపు మాత్రం ఫుట్‌బోర్డు మీద వేలాడుతూనైనా ఎక్కేస్తుంది.
ఎక్కాక అది వాళ్ల ఏడుపు కాదు, నాదైపోతుంది.
నాదాన్ని మోసుకోవడంలో
వాళ్లెవరో మర్చిపోతాను.

కాసులమ్మ సంగతే చెప్తాను.
హార్బర్లో వేలం అయ్యాక, తెల్లారకముందే
తట్టతో ఎక్కుతుంది, గేదె మూపురంలాంటి ఆ మెడతో.
ఆ వేళ తట్ట దించి, నా మోచెయ్యి పట్టుకుని
"మా గుంటకి కడుపు పోనాదమ్మా, అయిదో నెల" అంది.
నేనేమన్నానో తెలుసా?
"ఎక్కడికి?" అన్నాను.
పదేళ్లుగా ఒకే చోట దిగే మనిషిని.
నా మోచేతిని ఒక్కసారి చూసి, వదిలి
"ఆసీలుమెట్ట" అంది.
తట్టకి లగేజీ కొట్టి చేతిలో పెట్టాను.
ఆవిడ దిగేదాకా
ఆవిడ దిగిపోతే బాగుణ్ణని ఉంది నాకు.

మాత్రలు మొదలెట్టి నెలన్నర.
నోరెండిపోతుంది, నిద్రొస్తుంది,
ఇంకేమీ రాదనుకున్నాను.
మొన్న గురుద్వారా దగ్గర ఒక తల్లి ఎక్కింది.
భుజం మీది బుడ్డోడు నా టికెట్టు మిషన్లో కాగితం కొస దొరకబుచ్చుకుని
లాగాడు, లాగాడు,
మూర పొడుగు లాగి కిచకిచలాడాడు.
బస్సంతా నవ్వింది.
నేను కాగితం చించి చుట్ట చుట్టాను.
సత్యం జంక్షను. మద్దిలపాలెం. వాళ్లు దిగిపోయారు.
ఇసుకతోట దగ్గర, ఏమీ లేని చోట,
పాత ట్యూబ్‌లైటు మూడుసార్లు కొట్టుకుని వెలిగినట్టు
నా మూతి ఒక పక్కకి జరిగింది.
అద్దంలో దాలినాయుడు చూశాడు.
"ఏటే, ఎవరూ లేకుండా నవ్వుతున్నావు?"
"ఇందాకటిది" అన్నాను.
వాడికి అర్థం కాలేదు. బ్రేకు వేశాడు.

ఇవాళ కాసులమ్మ ఎక్కింది.
వంజరాల వాసన, తడిసిన చీర అంచు.
"మీ గుంటకి ఎలాగుంది?" అన్నాను.
రెండు నెలలు ఆలస్యంగా.
ఆవిడ నా వంక చూసింది.
"ముందు తట్టకి కొట్టు" అంది.

కోపమా, ఏమీ లేదా?
ఎరుపా, తెలుపా? తేల్చుకోలేకపోయాను.
ముందు డోరు దగ్గర టికెట్టు, టికెట్టు అని అరుస్తున్నారు.
ఏ బటనూ నొక్కకుండా
తట్ట జరక్కుండా కాలు అడ్డం పెట్టి
ఆసీలుమెట్ట దాకా ఆవిడ పక్కనే నిలబడ్డాను.